కొరొబోవ్ తీసేసిన బంటు

వెరెసోవ్స్క్ పట్టణ సంఘంలో ఏళ్ళ తరబడి ఉపాధ్యక్షుడిగా ఉన్న ఎర్మొలాయ్ సవేలిచ్ కొరొబోవ్‌కి ఉద్యోగాలు రెండు. ఊళ్ళో ఇళ్ళ కప్పులు, మురుగు కాలువలు, స్నానశాల, వీధి దీపాలు చూసుకోవడం ఒకటి. చదరంగం సమస్యలు కట్టడం రెండోది. మొదటిదానికి జీతం వచ్చేది. రెండోదానికి మాస్కో నుంచి ఎప్పుడైనా ఓ పోస్టు కార్డు వచ్చేది. ఆయన లెక్కలో అసలు ఉద్యోగం రెండోదే.

చదరంగం ఆడేవాళ్ళు మా ఊళ్ళో గడపకొకరున్నారు. కొరొబోవ్ మాత్రం ఆడేవాడు కాదు. "ఇద్దరు పెద్దమనుషులు ఎదురెదురుగా కూర్చుని ఒకరి తప్పులు ఒకరు ఏరుకోవడం! దానికంటే పేలు ఏరుకోవడం నయం," అనేవాడు. ఆయన చేసే పని వేరు. బల్ల మీద కొన్ని కాయలు తనే పేర్చి, తెల్లవాళ్ళు మొదలుపెట్టి మూడో ఎత్తులో నల్లరాజుకి ఆట కట్టించాలి, ఎలాగో చెప్పుకోండి, అని పత్రికకి పంపేవాడు. ఆ విద్యకి రెండు నియమాలు. ఒకటి, పరిష్కారం ఒక్కటే ఉండాలి. రెండో దారి ఉందని ఎవరైనా చూపిస్తే ఆ సమస్య చచ్చినట్టే. రెండు, పని లేని కాయ బల్ల మీద ఒక్కటీ ఉండకూడదు.

ఈ జబ్బు ఆయనకి యుద్ధకాలపు ఆసుపత్రిలో అంటుకుంది. పక్క మంచం మీద రెండు చేతులకీ పిండికట్టు వేయించుకున్న లెఫ్టినెంట్ ఒకడుండేవాడు. అతను గడ్డంతో చూపిస్తే కాయలు జరపడం కొరొబోవ్ పని. కాయ జరిపిన ప్రతిసారీ ఆ లెఫ్టినెంట్, "దీనికి ఇక్కడ పనేంటి?" అని అడిగేవాడు. చేతులు బాగుపడి అతను యుద్ధానికి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ ప్రశ్న మాత్రం కొరొబోవ్ దగ్గర ఉండిపోయింది.

పెళ్ళి కూడా ఆ పద్ధతిలోనే చేసుకున్నాడు. రొట్టెల దుకాణంలో పనిచేసే ఆన్ఫీసా దగ్గరికెళ్ళి, టోపీ తీసి, "బాగా ఆలోచించాను. మీరు తప్ప నాకు రెండో దారి లేదు," అన్నాడట. ఊళ్ళో ఏ పెళ్ళి జరిగినా ఆవిడ ఈ ముచ్చట చెప్పి, "అది ప్రేమో, గతిలేక అన్న మాటో నాకిప్పటికీ తెలీదమ్మా," అని ముగించేది.

ఆ ప్రశ్న ఊరిని కూడా వదల్లేదు. పోస్టాఫీసుకి రెండు తలుపులుంటే, ఈ రెండోదానికి పనేంటని ఒకటి మూయించేశాడు. అప్పటినుంచి లోపలికి వెళ్ళేవాళ్ళూ బయటికి వచ్చేవాళ్ళూ గుమ్మంలోనే యోగక్షేమాలు మాట్లాడుకునేవాళ్ళు. రైలు స్టేషన్లో రెండు గడియారాల్లో ఒకటి దింపించాడు. మిగిలింది ఆగిపోయిన గడియారం. స్నానశాల బయట బెంచీ ఉండేది. వంతు కోసం వచ్చిన ముసలమ్మలు దాని మీద కూర్చుని ఊరంతటినీ ఉతికి ఆరేసేవాళ్ళు. "లోపల ఎలాగూ కూర్చుంటారు, బయట కూడా కూర్చోవడం దేనికి?" అని ఆ బెంచీ తీయించేశాడు. ఆ చలికాలం నుంచి ముసలమ్మలు మంచులో నిలబడి, ఊరిని వదిలేసి ఆయన్నొక్కణ్ణే ఉతికేవాళ్ళు. ఒక్క అత్తగారి విషయంలో మాత్రం ఆయన ఆ ప్రశ్న వేయలేదు. ఆవిడే ఆయన్ని అడిగేది.

ఆయన సమస్యలు మా ఊరి పత్రిక మూడో పేజీలో ఆదివారం ఆదివారం పడేవి. వాటిని విప్పేవాళ్ళు చాలామంది. విరగ్గొట్టేవాడు ఒక్కడే: పశువుల డాక్టరు వెనియమిన్ ఫొకిచ్. బట్టతల, ఏనుగు గొంతు. ఆవులకి సూదులు వేయడం ఆయన పొట్టకూడు, కొరొబోవ్ సమస్యల్లో రెండో దారి వెతకడం ఆయన సరదా. దొరికిన ప్రతిసారీ శనివారం స్నానశాలలో, ఆవిరి మధ్య, నిండు సభలో ప్రకటించేవాడు. బోర్లించిన తొట్టి మీద తడి కాయలు పేర్చి, "చూడండి మిత్రులారా, మన ఉపాధ్యక్షులవారు గోడ కట్టి తలుపు మర్చిపోయారు," అనేవాడు. కొరొబోవ్ భూర్జ కొమ్మల కట్ట పుచ్చుకుని ఆయన వీపు మీద కసి తీర్చుకునేవాడు. అది వైద్యం కూడా కాబట్టి ఎవరూ అడ్డుచెప్పేవాళ్ళు కాదు. తర్వాత ఇద్దరూ ఒకే జాడీలో రొట్టె పులియబెట్టిన క్వాస్ తాగి ఇళ్ళకి పోయేవాళ్ళు.

కొరొబోవ్‌కి జీవితంలో ఒకటే కోరిక. మాస్కో పత్రిక ఏటా జరిపే పోటీలో మొదటి బహుమతి. అది వస్తే మాస్టర్ అని పిలిపించుకోవచ్చు. ఇరవై ఏళ్ళు పంపితే మూడుసార్లు 'ప్రశంస' వచ్చింది. ప్రశంస అంటే ఏమిటని ఆన్ఫీసా అడిగితే, "బాగుంది, కానీ వద్దు అని," చెప్పాడు.

ఆ ఏడు మూడెత్తుల సమస్య ఒకటి కట్టాడు. చలికాలమంతా దాని మీదే కూర్చున్నాడు. తెల్ల మంత్రిని ఊరికే బలి ఇచ్చేస్తే, నల్లవాళ్ళు ఎటు కదిలినా చచ్చే పరిస్థితి వస్తుంది. కదలకుండా ఉందామంటే ఆ ఆటలో కుదరదు, వంతు వచ్చినవాడు కదిలి తీరాలి. కవరు అంటించబోతూ ఆఖరిసారి బల్ల వంక చూసి, ఒక నల్ల బంటు దగ్గర ఆగాడు. "దీనికి ఇక్కడ పనేంటి?" అనుకుని, దాన్ని తీసి చొక్కా జేబులో వేసుకుని, కాగితం మీద కొట్టేసి పంపేశాడు. ఆ బంటుని ఆన్ఫీసా చొక్కాతో పాటు ఉతికేసింది.

ఫిబ్రవరిలో కార్డు వచ్చింది. మొదటి బహుమతి. 'ఒక్క కాయ కూడా వృథాగా లేదు' అని న్యాయనిర్ణేత ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. అయితే ఇది ఇంకా ఖాయం కాదు. మార్చి ఆఖరు దాకా గడువు. ఈలోగా ఎవరైనా రెండో దారి చూపిస్తే బహుమతి వెనక్కి పోతుంది. ఎవరూ చూపించకపోతే మాస్టరే.

మా పత్రిక ఆ సమస్యని మొదటి పేజీలో వేసింది, అదీ పొలం పనుల వార్తకి పైన. పట్టణ సంఘం అధ్యక్షుడు అభినందన సభ పెడతానన్నాడు. కొరొబోవ్, "మార్చి దాటనీయండి," అన్నాడు. ఆ శనివారం స్నానశాలలో వెనియమిన్ ఫొకిచ్ ఒంటికి సబ్బు రుద్దుకుంటూ, ఎవరితోనూ కాదన్నట్టు, "ఎక్కడో గాలి తగులుతోంది. ఆ గోడలో సందు ఉన్నట్టుంది," అన్నాడు.

"ఉందా, ఉన్నట్టుందా?" అన్నాడు కొరొబోవ్.

"వెతుకుతున్నాను."

కొరొబోవ్ ఆ వారం తిండి సరిగా తినలేదు.

ఇక్కడ ఇంకో చిక్కు. వెనియమిన్ ఫొకిచ్ ఇంటి కప్పు కుళ్ళిపోయింది. ఇనుప రేకుల కోసం ఆయన పెట్టుకున్న అర్జీ కొరొబోవ్ బల్ల మీదే ఉంది. రేకులు మా ఊరికి ఏడాదికి ఒక్కసారి వస్తాయి, అవీ కొన్నే. మార్చి ఆఖర్న మంచు కరగడం మొదలైతే ఆయన మంచం మీద నది పారుతుంది. ఒకరోజు డాక్టరే ఆఫీసుకి వచ్చాడు.

"నా కాగితం మీద సంతకం పెట్టు, ఎర్మొలాయ్."

"మార్చి దాటాక పెడతాను."

"మార్చి దాటాక నేను చేపల్తో పడుకుంటాను. ఇప్పుడు పెడితే నీ ముల్లేం పోతుంది?"

"ఇప్పుడు పెడితే నీ నోరు మూయించడానికి ఇచ్చానంటారు."

"పెట్టకపోతే కక్ష తీర్చుకున్నావంటారు."

"తెలుసు."

"మరి ఏం చేస్తావు?"

"ఏ ఎత్తు వేసినా చావే," అన్నాడు కొరొబోవ్. "మంచి సమస్య. నేను కట్టి ఉంటే బాగుండేది."

"ముందు నీ సమస్యలో తప్పు బయటపడితే గాని నా రేకులు కదలవన్నమాట!" అని డాక్టరు తలుపు విసురుగా వేసి వెళ్ళాడు.

ఆ ఆఖరి ముక్క బయట టైపు చేస్తున్న రైసా వింది. వింటే తప్పులేదు, అది గది అవతలికే కాదు, వీధి అవతలికి కూడా వినిపించే గొంతు. ఆవిడ మధ్యాహ్నం రొట్టెల వరసలో ఆ ముక్క చెప్పింది. సాయంత్రానికి ఊరంతటికీ ఒకటే అర్థమైంది: సమస్యలో తప్పు చూపించినవాళ్ళకే ఈ ఏడు రేకులు.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. మా ఊళ్ళో సరుకు ఎప్పుడూ ఏదో ఒక వింత కారణానికే దొరికేది. అంతకుముందు ఏడు కుజగ్రహం మీద ఉపన్యాసం విన్నవాళ్ళకి రబ్బరు బూట్లు ఇచ్చారు. జనం కుజగ్రహాన్ని భరించారు, చదరంగం ఎంత?

మర్నాటి నుంచి కొరొబోవ్ ఆఫీసు ముందు వరస కట్టారు. చంకలో చదరంగం బల్లలు, చేతిలో మా పత్రిక. పుస్తకాల దుకాణంలో చదరంగం పాఠాల పుస్తకాలు అయిపోయాయి. మొట్టమొదట స్నానశాల బాయిలరు నడిపే స్తెపాన్ వచ్చాడు.

"మొదటి ఎత్తులోనే మంత్రితో రాజుని కొట్టేశాను. రేకులెప్పుడిస్తారు?"

"రాజుని కొట్టకూడదు, స్తెపాన్."

"ఎందుకు కొట్టకూడదు? పదిహేడో సంవత్సరం విప్లవంలోనే తీసిపారేశాం కదా రాజుల్ని!"

కొరొబోవ్ తలుపు వంక ఓసారి చూసి, గొంతు తగ్గించి, "ఈ బల్ల మీద ఇంకా తీసెయ్యలేదు," అన్నాడు.

ఆ తర్వాత ఒకావిడ వచ్చింది. బల్ల మీద ఒక గడిలో కోటు బొత్తాం ఉంది.

"ఇదేమిటి?"

"నల్ల గుర్రం. అసలు గుర్రాన్ని మా కుక్క మింగేసింది."

"అయితే పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళమ్మా."

"వెళ్ళాను. ఆయనే ఇక్కడికి పంపాడు."

రోజుకో వంద తప్పుడు ఎత్తులు. ప్రతిదానికీ కొరొబోవ్ ఓపిగ్గా జవాబు చూపించి పంపేవాడు. చూపించకపోతే రేకులు దాచుకున్నాడంటారు. కాలువల పని ఆగింది. వీధి దీపాలు పగలు కూడా వెలిగాయి. ఇంట్లో ఆన్ఫీసా, "పోనీ అందరికీ తలో రేకు ఇచ్చి పంపెయ్యరాదూ?" అంటే, "అప్పుడు అందరి నోళ్ళూ మూయించానంటారు," అన్నాడు. నిజానికి ఒక పక్క ఆయనకి గర్వంగానే ఉంది. ఊరు ఊరంతా గుద్దినా గోడ చెక్కు చెదరలేదు. వెనియమిన్ ఫొకిచ్ కూడా రోజూ వచ్చి పొయ్యి పక్కన కూర్చుని చూస్తున్నాడు.

మార్చి ఇంకో వారం ఉందనగా కొరొబోవ్ ఓపిక చచ్చింది. రాజుని బల్ల కిందికి దించి దాచేసిన మనిషి ఒకడొచ్చాడు. దాంతో కొరొబోవ్ లేచి నిలబడి తలుపులు బార్లా తెరిచాడు.

"అందరూ వినండి! నిజమైన రెండో దారి చూపించినవాళ్ళకి ఈ నిమిషమే రేకులు. నా మాట ఇది. కానీ దాన్ని చూపించగల మగాడు ఈ ఊళ్ళో పుట్టలేదు. ఇక ఇళ్ళకి పోయి పనులు చూసుకోండి."

"మగాడు పుట్టలేదు సరే, మరి మా మాటేమిటి బాబూ?" అంది గ్లఫీరా.

గ్లఫీరా తీఖొనొవ్నా నది ఒడ్డున ఒక మేకతో కాపురముండే ముసలావిడ. మూడేళ్ళ కిందట రేకులకి అర్జీ పెడితే కొరొబోవ్ దాని మీద, 'ఉండేది ఒక్కరు, కారేది రెండో గది, ఆ గదితో మీకు పనేంటి?' అని రాసి తిప్పి పంపాడు. ఆవిడ దాని కిందే, 'అందులో మేక ఉంటుంది' అని రాయించి పంపింది. దానికి జవాబు లేదు.

ఇప్పుడావిడ బల్ల మీద కాయలు పేర్చి, మూలన ఉన్న తెల్ల బంటుని వేలితో ఒక గడి ముందుకి తోసింది.

"అంతేనా?" అన్నాడు కొరొబోవ్.

"అంతే."

"ఎందుకు తోశావు?"

"అందరూ మధ్యలో పడి కొట్టుకుంటూంటే ఇదొక్కటే మూలన బిక్కుబిక్కుమంటూ నిలబడింది. మా మేకా అంతే. అలా నిలబెట్టేస్తే ఊరుకోదు, ఓ అడుగు వెయ్యనివ్వాలి."

వరసలో నవ్వులు. కొరొబోవ్ కూడా నవ్వాడు, చాలా రోజుల తర్వాత.

"గ్లఫీరా అత్తా, దీనికి జవాబు నాకు నిద్దట్లో కూడా తెలుసు. బంటు అలా ముందుకి వచ్చిందా, ఇదిగో, ఏటవాలు గడిలో ఉన్న నల్ల బంటు దాన్ని..." అంటూ చెయ్యి చాచాడు.

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ గడిలో నల్ల బంటు లేదు.

"నీ బల్లలో బంటు ఎక్కడో పడిపోయింది," అన్నాడు.

"ఎక్కడా పడిపోలేదు. మీ పత్రికలో ఉన్నట్టే పేర్చాను."

పొయ్యి పక్క నుంచి వెనియమిన్ ఫొకిచ్ లేచాడు. జేబులోంచి మా పత్రిక తీసి, మడత విప్పి, బల్ల పక్కన పెట్టాడు. పత్రికలోనూ ఆ గడి ఖాళీగానే ఉంది. ఆ బంటు కొరొబోవ్ ఇంట్లో, సబ్బు వాసన కొడుతూ, గూట్లో ఉంది. చలికాలమంతా బల్ల మీద దాన్ని చూసీ చూసీ ఆయన కళ్ళు దాన్ని తీసేసిన సంగతి మర్చిపోయాయి.

ఆయన కూర్చుని వేరే జవాబు వెతికాడు. నల్ల ఏనుగుని జరిపి చూశాడు, ఆట కట్టు. గుర్రం, అంటే ఆ బొత్తాం లాంటిది కాదు, అసలు గుర్రాన్నే జరిపి చూశాడు, ఆట కట్టు. రాజు కదిలితే మరీ త్వరగా. ఇక మంత్రిని బలివ్వడం దేనికి? ముసలావిడ ఊసుపోక వేసిన ఒక్క అడుగు చాలు. బయట రైసా టైపు చేయడం ఆపేసింది. వరసలో జనం నవ్వడం ఆపారు గాని, ఏం జరిగిందో వాళ్ళకి తెలీదు. తెలిసింది ఇద్దరికే. 'ఏనుగు వచ్చి కొట్టేస్తుంది, ఇక పో అత్తా,' అని కొరొబోవ్ ఒక్క మాటంటే ఆవిడ నమ్మి మేక దగ్గరికి వెళ్ళిపోయేది. ఇంకో వారం గడిస్తే మాస్టర్.

ఆయన డాక్టరు వంక చూశాడు.

"నా వంక చూడకు," అన్నాడు వెనియమిన్ ఫొకిచ్. ఎన్నడూ లేనిది గొంతు తగ్గించాడు. "నేను నోరు తెరిస్తే కక్ష అంటారు. తెరవకపోతే రేకుల కోసమంటారు. ఇప్పుడు నాకూ కదిలే వీల్లేదు."

కొరొబోవ్ ఆ ఖాళీ గడి మీద ఓసారి వేలు ఆనించాడు. తర్వాత ముక్కు చీదుకుని, "రైసా!" అని కేకేశాడు. "గ్లఫీరా తీఖొనొవ్నాకి రేకులు రాయి. మేక గదికి కూడా. తర్వాత మాస్కోకి టెలిగ్రాం. 'నా సమస్యకి రెండో దారి ఉంది. బహుమతి ఉపసంహరించగలరు. కొరొబోవ్.'"

"'దయచేసి' అని పెట్టనా?" అంది రైసా.

"దానికి అక్కడ పనేంటి?"

వరసంతా ఒక్కసారి గోల పెట్టింది. స్తెపాన్ గ్లఫీరాని ఎత్తి గిరగిరా తిప్పాడు. "దించరా దున్నపోతా, బంటు పడిపోతుంది!" అని ఆవిడ అరిచింది. ఆ గోలలో డాక్టరు కొరొబోవ్ చెవి దగ్గరికి వంగాడు.

"స్నానశాల బయట బెంచీ గుర్తుందా? ఆ బంటూ అలాంటిదే. నువ్వే తీయించేసి, ఇవాళ నువ్వే వెళ్ళి దాని మీద కూర్చోబోయావు."

"నీ కాగితం ఇలా తే," అన్నాడు కొరొబోవ్.

"మార్చి ఇంకా దాటలేదుగా?"

"బహుమతే పోయాక ఇంక నీ నోరు మూయించి నాకేం లాభం? తే." సంతకం పెట్టి ఇచ్చాడు.

డాక్టరు కాగితం ఊదుకుంటూ నసిగాడు. "ఓ మాట. నాకు ఏ సందూ దొరకలేదు, ఎర్మొలాయ్. ఊరికే అన్నాను."

"తెలుసు. దొరికి ఉంటే ఆ స్నానశాలలోంచి అలాగే బయటికి పరిగెత్తేవాడివి. బట్టలు ఎవరో వెనకాల తెచ్చిచ్చేవాళ్ళు."

తలుపు దగ్గర జనం ఇంకా కదలట్లేదు.

"ఒక సమస్యకి ఒకటే తప్పు. అయిపోయింది. పొండి," అన్నాడు కొరొబోవ్.

"మీ దగ్గర ఇంకో సమస్య లేదా, ఎర్మొలాయ్ సవేలిచ్?" అంది బొత్తాం గుర్రం ఆవిడ, ఎంతో మర్యాదగా.

మాస్కో పత్రిక బహుమతిని రెండో స్థానంలో ఉన్న ఎవరో ఒడెస్సా పంతులుకి ఇచ్చింది. కింద చిన్న అక్షరాల్లో, 'తప్పు రచయితే చూపించారు' అని వేసింది. కొరొబోవ్ ఆ తర్వాత పదవీ విరమణ దాకా పంపుతూనే ఉన్నాడు. మరో రెండు ప్రశంసలు వచ్చాయి. మాస్టర్ కాలేదు. అభినందన సభ కోసం అధ్యక్షుడు తెప్పించిన కేకుని సంఘం వాళ్ళు సభ లేకుండానే తినేశారు.

ఆ వసంతంలో స్నానశాల బయటికి బెంచీ తిరిగి వచ్చింది. దాన్ని ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పలేదు, ముసలమ్మలు అడగనూ లేదు. కూర్చుని మళ్ళీ ఊరంతటినీ ఉతకడం మొదలుపెట్టారు. స్టేషన్లో గడియారం మాత్రం అలాగే ఆగి ఉంది.

నల్ల బంటుని తిరిగి దాని గడిలో పెట్టి, ఆ సమస్యని శరత్తులో మా పత్రికలో మళ్ళీ వేయించాడు. పైన 'గ్లఫీరా తీఖొనొవ్నాకి అంకితం' అని ఉంది. పత్రిక తనే పట్టుకుని నది ఒడ్డుకి వెళ్ళాడు. గ్లఫీరా గుమ్మంలో బంగాళాదుంపలు ఒలుస్తోంది. రేకులు ఎక్కడ పడేశారో అక్కడే, గోడ పక్కన దొంతరగా ఉన్నాయి. వాటి మీద మేక నిలబడి ఉంది. కప్పు ఎప్పటిలాగే ఉంది.

ఆవిడ పత్రికని దూరంగా పట్టుకుని తన పేరు మీద వేలు పెట్టింది.

"ఇది నేనేనా?"

"నువ్వే అత్తా. ఈ సమస్య నీ పేరు మీద ఉంటుంది. ఎప్పటికీ."

"నా పేరుకి అక్కడ పనేంటి బాబూ?" అంది గ్లఫీరా. "రేకులిచ్చావు, చల్లగా ఉండు. మేకులేవీ?"

కొరొబోవ్ మేక వంకా, కప్పు వంకా చూశాడు. రేకుల కాగితంలో మేకుల ముక్క రాయించలేదు. తర్వాత టోపీ సర్దుకుని, మేకులు వెతకడానికి బయల్దేరాడు.